కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది – తిరుపతిలో చిన్న జిరాక్స్ షాపు, దారి చెప్పండి

బస్టాండు_సందు_జిరాక్స్ (తిరుపతి), ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో ఒక సందులో మాకు చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. నేనూ మా ఆడబిడ్డా చూసుకుంటాం. రెండు కంప్యూటర్లు, ఒక పాత జిరాక్స్ మెషిన్, మూడు నెలల కింద కొన్న వైఫై ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఒకటి. కొన్న రోజు ఒక అబ్బాయి వచ్చి ఫోన్‌లో యాప్ వేసి పావుగంటలో కలిపేసి పోయాడు. రెండు కంప్యూటర్ల నుంచీ, మా ఇద్దరి ఫోన్ల నుంచీ ప్రింట్ వచ్చింది. అయిపోయిందిలే అనుకున్నాం.

మరుసటి వారం నుంచి మొదలైంది. బాగా పని చేస్తూ చేస్తూ ఒక రోజు ఉన్నట్టుండి కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ అని వస్తుంది. ప్రింటర్ చూస్తే ఆన్‌లోనే ఉంటుంది. తీసేసి మళ్లీ యాడ్ చేస్తే నడుస్తుంది, మళ్లీ రెండు మూడు రోజులకు అదే కథ. ఇప్పటికి కనీసం పదిసార్లు తీసి పెట్టాను. కంప్యూటర్‌లో అదే ప్రింటర్ పేరు కాపీ 1, కాపీ 2 అని నాలుగైదు కనిపిస్తోంది, ఏది అసలుదో నాకే తెలియడం లేదు.

నిన్న పొద్దున్నే అయిదున్నరకు షట్టర్ తీశాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య. 300 రూపాయల దర్శనం టికెట్ కొడుకు వాట్సాప్‌లో పంపాడు, ప్రింట్ తీసివ్వమ్మా అన్నారు. ఆఫ్‌లైన్. అయిదుసార్లు నొక్కాను, రాలేదు. ఆయన గడియారం చూసుకుంటున్నాడు, ఆమె నా మొహం చూస్తోంది, కొండ బస్సుకు టైం అయిపోతోంది. చివరికి పక్క సందులో ఇంకో షాపుకు నేనే తీసుకెళ్లి ప్రింట్ ఇప్పించాను. తిరిగొచ్చి స్విచ్ ఆపి వేసి ప్రింటర్‌ను మళ్లీ యాడ్ చేస్తే ఆ టికెట్ అయిదు కాపీలు వరసగా బయటికొచ్చాయి. వాటి మీద వాళ్ల పేర్లు, వయసులు, ఆధార్ వివరాలు. చించి పారేశాను గానీ రోజంతా మనసు బాగలేదు.

దయచేసి ఎవరైనా అసలు కారణం చెప్పండి. తీసి మళ్లీ పెట్టండి అనేది వద్దు, అది నాకు బాగా వచ్చేసింది.

కాళహస్తి_కుర్రోడు, ఆదివారం రాత్రి 10.05

అక్కా, వైఫై గొడవ మనకెందుకు, యూఎస్‌బీ కేబుల్ పెట్టేయండి. ప్రింటర్ వెనక చదరంగా ఉండే పోర్టు ఉంటుంది చూడండి, అక్కడ పెట్టే కేబుల్ ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. ముందు డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, కేబుల్ పెట్టమని స్క్రీన్ మీద అడిగినప్పుడే పెట్టండి, ముందే గుచ్చితే కొన్ని మోడళ్లలో తప్పు డ్రైవర్ పడుతుంది. 5 మీటర్లకు మించిన కేబుల్ కొనకండి, అంతకంటే పొడవైతే సరిగా పని చేయదు.

బస్టాండు_సందు_జిరాక్స్, ఆదివారం రాత్రి 10.20

థాంక్స్ తమ్ముడూ. కేబుల్ పెడితే ఒక కంప్యూటర్‌కే కదా. రెండోది గోడకు అవతలి వైపు ఉంది, మా ఆడబిడ్డ అక్కడ కూర్చుంటుంది. మొదటి కంప్యూటర్ ఆపేస్తే తనకు ప్రింట్ రాదు. పైగా వైఫై ఉన్నందుకే డబ్బులు ఎక్కువ పెట్టి కొన్నాం.

రేణిగుంట_నెట్‌వర్క్స్, ఆదివారం రాత్రి 11.10

అమ్మా, మూడు ప్రశ్నలు. ఆఫ్‌లైన్ అన్నప్పుడు ప్రింటర్ మీద వైఫై లైటు నిలకడగా వెలుగుతోందా, మిణుకుమంటోందా? అలా అయ్యే ముందు కరెంటు పోయి వచ్చిందా? మీ వైఫై పాస్‌వర్డ్ కస్టమర్లకు ఇస్తున్నారా?

బస్టాండు_సందు_జిరాక్స్, ఆదివారం రాత్రి 11.25

లైటు నిలకడగానే ఉంటుంది అన్నా. కరెంటు... మీరు అడిగాక ఆలోచిస్తే అవును, శుక్రవారం రాత్రి గాలివానకు పోయింది, శనివారం పొద్దున ఇలా అయింది. అంతకు ముందు కూడా మా లైన్‌లో రిపేరు ఉందని పోయిన మరుసటి రోజే. రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. పాస్‌వర్డ్ గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించాం, పీడీఎఫ్‌లు పంపడానికి అందరూ అడుగుతారు కదా అని.

రేణిగుంట_నెట్‌వర్క్స్, సోమవారం పొద్దున 6.50

అయితే రోగం దొరికింది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది ఒక్కసారి అర్థమైతే జీవితంలో మళ్లీ ప్రింటర్ తీసి పెట్టే పని ఉండదు.

మీ షాపు పక్కనే ఉన్న సత్రం కౌంటర్ అనుకోండి మీ రౌటర్‌ను, అంటే వైఫై ఇచ్చే డబ్బాను. వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఒక గది నంబరు ఇస్తుంది. ఆ నంబరే ఐపీ అడ్రస్. మొదటి రోజు ప్రింటర్‌కు 192.168.1.5 ఇచ్చింది అనుకుందాం. మీ కంప్యూటర్ ఆ 5 నంబరును రాసిపెట్టుకుంది, ప్రింట్ నొక్కినప్పుడల్లా నేరుగా ఆ గది తలుపే కొడుతుంది. కరెంటు పోయి వచ్చాక చాలా రౌటర్లు పాత రిజిస్టర్ మరిచిపోతాయి. రౌటర్ లేచిన వెంటనే ముందుగా అంటుకునేవి ఫోన్లు. మీ గోడ మీద పాస్‌వర్డ్ చూసి ఎక్కిన కస్టమర్ల ఫోన్లు కూడా సందులోంచి పోతూ పోతూ వాటంతట అవే కలుస్తాయి. ఎవరిదో ఫోన్‌కు 5 పోయింది, మీ ప్రింటర్‌కు 9 వచ్చింది. ప్రింటర్ తన మటుకు తాను హాయిగా వైఫైలోనే ఉంది, అందుకే లైటు నిలకడగా ఉంది. మీ కంప్యూటర్ మాత్రం 5 తలుపే కొడుతోంది. జవాబు లేదు కాబట్టి ఆఫ్‌లైన్ అంటుంది.

మందు ఏమిటంటే, ప్రింటర్‌కు ఎప్పటికీ ఒకే గది రిజర్వ్ చేయడం. రెండు చోట్ల పని ఉంది, ఒకటి రౌటర్‌లో, ఒకటి కంప్యూటర్‌లో. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

రౌటర్ సంగతి ముందు. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ వివరాల కాగితం తీయండి, చాలా మోడళ్లలో వైఫై బటన్ గానీ ఇన్ఫో బటన్ గానీ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వస్తుంది, మీ మోడల్‌కు ఏ బటనో దాంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులో ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్ రెండూ ఉంటాయి. మ్యాక్ అంటే రెండేసి అక్షరాలు చొప్పున ఆరు జతలు, అది మారదు. ఇప్పుడు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొట్టండి, కొన్నిటికి 192.168.0.1. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. లోపల లాన్ అనే చోట డీహెచ్‌సీపీ (గది నంబర్లు పంచే పని) ఉంటుంది, దాని కింద అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ డీహెచ్‌సీపీ అనో, ఐపీ మ్యాక్ బైండింగ్ అనో ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ అక్కడ వేసి, ఎదురుగా 192.168.1.200 అని ఇవ్వండి. సేవ్ చేసి ప్రింటర్ ఆపి వేయండి. మళ్లీ కాగితం తీస్తే 200 అని రావాలి. రాకపోతే ముందుకు పోవద్దు, ఇక్కడికి వచ్చి చెప్పండి.

కంప్యూటర్ సంగతి రాత్రికి రాస్తాను, డ్యూటీకి పోవాలి.

గ్రీమ్స్‌పేట_రిటైర్డ్_టీచర్ (చిత్తూరు), సోమవారం పొద్దున 8.15

ఈ సత్రం ఉదాహరణ బాగా అర్థమైంది బాబూ. నాదీ ప్రింటర్ బాధే, వేరే రకం. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ప్రింటర్ పంపించాడు. గత నెల ఇంటికి కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించాను, కొత్త వైఫై డబ్బా. ఫోన్‌లో ఆ వైఫై పేరు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ప్రింటర్ వెతికితే మాత్రం ఆ పేరే చూపించడం లేదు. పక్కింటి వాళ్ల వైఫై కూడా చూపిస్తుంది గానీ మా ఇంటిది చూపించదు. పెన్షన్ కాగితాలు, మనవరాలి స్కూలు ప్రాజెక్టులు అన్నిటికీ ఎండలో గాంధీ విగ్రహం దాకా పోవాల్సి వస్తోంది.

ఎస్వీయూ_ఎంసీఏ, సోమవారం మధ్యాహ్నం 1.30

సార్, మీ వైఫై పేరు చివర 5జీ అని ఉందా? ఉంటే అదే కారణం. ఇది ఫోన్ సిమ్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ వైఫై. కొత్త డబ్బాలు రెండు రకాల తరంగాల మీద వైఫై ఇస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఇళ్లలో వాడే మామూలు ప్రింటర్లలో చాలావాటికి 2.4 మాత్రమే వినిపిస్తుంది. 5 దాని చెవికి అందదు, అందుకే పేరే కనిపించదు. మీ కనెక్షన్ పెట్టిన అబ్బాయి 2.4 ఆపేసి 5 మాత్రమే పెట్టి ఉండొచ్చు. ఆయనకు ఫోన్ చేసి 2.4 కూడా ఆన్ చేసి దానికి వేరే పేరు పెట్టమని చెప్పండి. ప్రింటర్‌ను ఆ పేరుకు కలిపాక మీ ఫోన్ 5లోనే ఉంచుకోవచ్చు, రెండూ ఒకే డబ్బా నుంచి వస్తున్నాయి కాబట్టి మామూలుగా ప్రింట్ వస్తుంది. కలిపే ఆ కొద్దిసేపు మాత్రం ఫోన్‌ను కూడా 2.4 మీదే ఉంచండి, సెటప్ యాప్‌లు కొన్ని లేకపోతే మొరాయిస్తాయి.

ఇంకొకటి. సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతలో కొత్త రకం) మాత్రమే పెట్టి ఉంటే కొంచెం పాత ప్రింటర్లు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవవు. డబ్ల్యూపీఏ2 పెట్టించండి.

చంద్రగిరి_సర్వీస్, సోమవారం సాయంత్రం 7.00

పదేళ్లుగా ప్రింటర్ల రిపేరు చేస్తున్నా. నెట్‌వర్క్ సంగతి రేణిగుంట అన్న చెప్పింది కరెక్ట్. నేను వేరే మాట చెప్తా. అక్కా, మీరు స్విచ్ ఆపి వేసి అని రాశారు. ప్రింటర్ మీద పవర్ బటన్‌తో ఆపుతున్నారా, గోడ మీద స్విచ్ కట్టేస్తున్నారా?

ఇది నేను గట్టిగా అడగడానికి కారణం ఉంది. బటన్‌తో ఆపితే ఇంకు చిమ్మే హెడ్ కుడి పక్కకు పోయి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, అప్పుడు ఇంకు ఆరదు. పని మధ్యలో గోడ స్విచ్ ఆపితే హెడ్ ఎక్కడుంటే అక్కడ ఆగిపోతుంది, మూత పడదు. మన ఎండల్లో రెండు రోజులు అలా ఉంటే నాజిల్ ఎండిపోతుంది, గీతలు గీతలుగా వస్తుంది. అప్పుడు హెడ్ క్లీనింగ్ నొక్కుతారు, ఒకసారి కాదు ఆరేడుసార్లు. ప్రతి క్లీనింగ్‌కూ ఇంకు లోపల వృథా ఇంకును పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండితే మెషిన్ మొత్తం ఆగిపోయి నా దగ్గరికి వస్తుంది. నా దగ్గరికి రావడం నాకు మంచిదే గానీ మీకు కాదు. కరెంటు వచ్చాక ఒకసారి ఆన్ చేసి, అది తన పని తాను చేసుకుని నిశ్శబ్దమయ్యాక బటన్‌తో ఆపండి. వారానికి ఒక్క పేజీ అయినా నాలుగు రంగులూ తగిలేట్టు తీయండి.

బస్టాండు_సందు_జిరాక్స్, సోమవారం రాత్రి 9.15

అన్నా, రోజూ రాత్రి షట్టర్ వేసేటప్పుడు మెయిన్ కట్టేసి పోతున్నాం. ఎవరూ చెప్పలేదు మాకు. ఈ రాత్రి నుంచే మారుస్తాం.

రేణిగుంట అన్నా, రౌటర్ పని మొదలుపెట్టాను. స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్ తీసుకోలేదు, కనెక్షన్ ఇచ్చిన వాళ్లు మార్చారట. ఫోన్ చేస్తే మధ్యాహ్నం ఒక పిల్లాడు వచ్చాడు, మీరు రాసిన పేరా చూపించాను, నేను పక్కన ఉండగానే చేయమన్నాను. ఐపీ మ్యాక్ బైండింగ్ అనే ఉంది. మ్యాక్ కొట్టేటప్పుడు సున్నాను ఓ అని కొట్టాడు, తీసుకోలేదు, మళ్లీ కాగితం చూసి నేనే చదివి చెప్పాను. ప్రింటర్ ఆపి వేసి కాగితం తీస్తే 192.168.1.200 వచ్చింది. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఉంచుకున్నాను. కంప్యూటర్లో మాత్రం ఇప్పుడు అసలుకే ఆఫ్‌లైన్!

రేణిగుంట_నెట్‌వర్క్స్, సోమవారం రాత్రి 10.00

శభాష్. ఇప్పుడు ఆఫ్‌లైన్ రావడమే సరైనది, ప్రింటర్ గది మారింది, కంప్యూటర్‌కు ఇంకా చెప్పలేదు. చెబుదాం.

ముందు క్యూ, అంటే ప్రింట్ కోసం వరసలో ఆగి ఉన్న ఫైళ్లు, శుభ్రం చేయాలి, లేకపోతే శనివారం లాగే పాతవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి, ప్రింట్ స్పూలర్ అనే వరస మీద రైట్ క్లిక్ చేసి స్టాప్. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్. దాని లోపల ఉన్న ఫైళ్లు తుడిచేయండి, ఫోల్డర్‌ను మాత్రం ముట్టుకోవద్దు. మళ్లీ స్పూలర్ స్టార్ట్. ఆ కాపీ 1, కాపీ 2 అన్నీ తీసేసి ఒక్కటి ఉంచండి.

ఆ ఒక్కదాని ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ అనే ట్యాబ్‌కు పోండి. యాడ్ పోర్ట్, అందులో స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్, న్యూ పోర్ట్. అడ్రస్ అడిగిన చోట 192.168.1.200. టిక్ దాని మీదే ఉండాలి. పోర్ట్ వివరాల్లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అని ఒక టిక్ ఉంటుంది, ప్రింటర్ పని చేస్తున్నా ఆఫ్‌లైన్ చూపిస్తే అది తీసేయండి. రెండో కంప్యూటర్‌లో కూడా ఇదే. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి షేర్ చేయొద్దు, రెండూ నేరుగా ప్రింటర్‌తోనే మాట్లాడాలి.

గోడ మీద పాస్‌వర్డ్ తీసేయండి. రౌటర్‌లో గెస్ట్ వైఫై ఉంటే కస్టమర్లకు అది ఇవ్వండి.

కాళహస్తి_కుర్రోడు, సోమవారం రాత్రి 10.30

గెస్ట్‌లో పెడితే కస్టమర్ ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇవ్వలేరు కదా అన్నా, గెస్ట్ వాళ్లకు లోపలి ప్రింటర్ కనిపించదు. పొద్దున రద్దీలో అదే సులువు వాళ్లకు.

రేణిగుంట_నెట్‌వర్క్స్, సోమవారం రాత్రి 10.45

కనిపించకూడదు కాబట్టే చెప్తున్నా తమ్ముడూ. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లలో జనం ఆధార్‌లు, పాన్‌లు ఉంటాయి. దారిన పోయే ప్రతి ఫోన్‌నూ అందులోకి రానివ్వడం నాకు నచ్చదు. వాళ్లు షాపు మెయిల్‌కు పంపుతారు, అక్క తీసిస్తుంది, అర నిమిషం ఎక్కువ పడుతుంది అంతే.

ఎస్వీయూ_ఎంసీఏ, సోమవారం రాత్రి 11.05

నేనూ రేణిగుంట అన్న వైపే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ రోజూ రాత్రి ఖాళీ చేయండి అక్కా, రీసైకిల్ బిన్‌తో సహా. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడిగితే పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, పక్కనే పుట్టిన సంవత్సరం. చాలామందికి తెలియక ఫైలు పాడైందనుకుని వెళ్లిపోతారు. దాన్ని వాళ్ల చేతే కొట్టించండి.

బస్టాండు_సందు_జిరాక్స్, బుధవారం రాత్రి 9.50

రెండు రోజులు పరీక్ష పెట్టి రాద్దామని ఆగాను. నిన్న పొద్దున మొదటి కంప్యూటర్లో మీరు చెప్పినట్టే పోర్ట్ వేశాను, టెస్ట్ పేజీ వెంటనే వచ్చింది. మా ఆడబిడ్డ కంప్యూటర్లో వేస్తే టెస్ట్ పేజీ వచ్చింది, కాసేపటికి ఒక అమ్మాయి హాల్ టికెట్ ప్రింట్ ఇస్తే ప్రింటర్ నుంచి ఏమీ రాలేదు, ఫైలు ఎక్కడ సేవ్ చేయాలి అని అడుగుతోంది! మళ్లీ టెన్షన్ పట్టుకుంది. చూస్తే అది ప్రింట్ టు పీడీఎఫ్‌కు పోతోంది.

రేణిగుంట_నెట్‌వర్క్స్, బుధవారం రాత్రి 10.10

సెట్టింగ్స్‌లో ప్రింటర్ల పేజీలో డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోసే చూసుకోవాలి అనే అర్థంలో ఒక బటన్ ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిందే డిఫాల్ట్ అవుతుంది. మీ ఆడబిడ్డ ఎప్పుడో ఒక పీడీఎఫ్ చేసి ఉంటుంది. దాన్ని ఆపేసి మీ ప్రింటర్‌ను సెట్ యాజ్ డిఫాల్ట్ చేయండి.

బస్టాండు_సందు_జిరాక్స్, బుధవారం రాత్రి 10.25

నిజమే అన్నా, ఎవరిదో మార్కుల లిస్టు పీడీఎఫ్ చేసిందట. సరిచేశాం. ఇంకొక మాట, రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనమంటున్నారు, ప్రింటర్‌ను కూడా దానికే పెట్టొచ్చా?

చంద్రగిరి_సర్వీస్, బుధవారం రాత్రి 10.40

రౌటర్ పెట్టండి, మంచిదే. ప్రింటర్‌ను నేరుగా గోడ పాయింట్‌కే పెట్టండి. రేపు లేజర్ ప్రింటర్ కొంటే మాత్రం దాన్ని చిన్న యూపీఎస్ దరిదాపుల్లోకి రానివ్వకండి, లోపల టోనర్ పొడిని కాగితానికి కరిగించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కూయడం మొదలుపెడుతుంది.

లేజర్ మాట వచ్చింది కాబట్టి, మీరు ఎక్కువగా తీసేది దర్శనం టికెట్లే అయితే ఒకసారి ఆలోచించండి. ఇంక్‌జెట్ రంగు ఇంకుల్లో చాలావరకు నీళ్లు తగిలితే కారిపోయేవి. కొండ మీద వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, జేబులో తడిసిన టికెట్ మీద అక్షరాలు అలికినట్టయిపోతాయి. లేజర్ టోనర్ కాగితానికి కరిగి అంటుకుంటుంది, తడిసినా చెరగదు. ఇప్పటికి ఉన్న ప్రింటర్‌లోనే నలుపు మాత్రమే వాడేట్టు పెట్టండి, కొన్ని మోడళ్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు ఉంటుంది, అది నీళ్లకు కొంత ఆగుతుంది. ఒక కాగితం తీసి గంట ఆరనిచ్చి తడి వేలితో రుద్ది చూడండి, మీకే తెలుస్తుంది.

గ్రీమ్స్‌పేట_రిటైర్డ్_టీచర్, గురువారం పొద్దున 7.30

ఎంసీఏ అమ్మాయికి ఆశీస్సులు. పేరు చివర 5జీ అనే ఉంది. కనెక్షన్ అబ్బాయి వచ్చి 2.4 ఆన్ చేసి వేరే పేరు పెట్టాడు. ప్రింటర్ ఆ పేరును వెంటనే చూపించింది. మొదటి ప్రింట్ మా మనవరాలు తీసింది, శేషాచలం కొండల్లో ఎర్రచందనం గురించి రెండు పేజీల ప్రాజెక్టు. కానీ నా ఫోన్ నుంచి మాత్రం ప్రింటర్ కనిపించడం లేదు, దాని ఫోన్ నుంచి కనిపిస్తోంది.

ఎస్వీయూ_ఎంసీఏ, గురువారం మధ్యాహ్నం 12.50

సార్, నేను అమ్మాయిని కాదు, అబ్బాయినే, ఫర్వాలేదు ఆశీస్సులు తీసుకున్నాను. మీది ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రింటింగ్ అని వెతకండి, అక్కడ డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ ఆన్‌లో ఉండాలి. అది ఉన్నా కనిపించకపోతే ప్లే స్టోర్‌లో మోప్రియా ప్రింట్ సర్వీస్ అనే యాప్ వేసుకోండి. ఐఫోన్ అయితే ఏమీ వేయక్కర్లేదు, ప్రింటర్‌కు ఎయిర్‌ప్రింట్ ఉంటే చాలు.

గ్రీమ్స్‌పేట_రిటైర్డ్_టీచర్, గురువారం సాయంత్రం 5.10

ఆ సర్వీస్ ఆఫ్‌లో ఉంది నాయనా. ఆన్ చేశాను, కనిపించింది. పొరపాటుకు ఏమనుకోకు.

బస్టాండు_సందు_జిరాక్స్, మంగళవారం ఉదయం 11.15

నిన్న రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది. పొద్దున అయిదు గంటల ఇరవైకి షట్టర్ తీసి, లైటు కూడా వేయకముందే కంప్యూటర్ ఆన్ చేశాను. ప్రింటర్ బటన్ నొక్కాను, అది గరగరమని సర్దుకునే దాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను. టెస్ట్ పేజీ ఇచ్చాను. వచ్చింది. రెండో కంప్యూటర్ నుంచి ఇచ్చాను. వచ్చింది. ఏడింటి లోపల 31 టికెట్లు తీశాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

గోడ మీద కాగితం మార్చాం, గెస్ట్ వైఫై పేరు, షాపు మెయిల్ మాత్రమే ఉన్నాయి. 192.168.1.200 అని, మ్యాక్ అడ్రస్‌తో సహా, ఒక చీటీ మీద రాసి ప్రింటర్ వెనక పక్క టేపు వేసి అంటించాను, రౌటర్ మార్చే రోజు వస్తే వెతుక్కోకుండా. తడి వేలి పరీక్ష కూడా చేశాం చంద్రగిరి అన్నా, నలుపు నిలబడింది, ఎరుపు మొత్తం వేలికి వచ్చేసింది. టికెట్లన్నీ నలుపులోనే ఇస్తున్నాం.

పుత్తూరు_స్టేషనరీ, మంగళవారం మధ్యాహ్నం 3.00

అక్కా, మాకూ ఇదే సమస్య. మా రౌటర్‌లో ఐపీ మ్యాక్ బైండింగ్ కనిపించడం లేదు, డీహెచ్‌సీపీలో మొదటి నంబరు, చివరి నంబరు అని రెండు గడులు మాత్రమే ఉన్నాయి.

రేణిగుంట_నెట్‌వర్క్స్, మంగళవారం రాత్రి 9.30

చివరి నంబరు 254 ఉంటే 150 చేయండి. అప్పుడు 151 నుంచి పై నంబర్లు రౌటర్ ఎవరికీ పంచదు. తర్వాత ప్రింటర్ సెట్టింగ్స్‌లోనే, ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టి, 192.168.1.200 మీరే ఇవ్వండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే దగ్గర మీ రౌటర్ అడ్రస్. ఆ తర్వాత కంప్యూటర్ పోర్ట్ పని పైన రాసినట్టే. చేసి చెప్పండి.